సాయంత్రం పూట నీళ్ళు

భూపాలపల్లి,
11 నవంబర్ 2024

అన్నకు,

ఈ కవరులో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో మెమరీ కార్డు, గోరంత ఉంటుంది, జాగ్రత్తగా తియ్యి. మూడు రికార్డింగులున్నాయి. ఇంత చిన్నదానికి రిజిస్టర్ పోస్టు ఎందుకమ్మా అని పోస్టాఫీసులో నవ్వారు. మనుషుల సొంత సంగతులు కాబట్టి ఫోనులో గాని మెయిలులో గాని పంపబోమని యూనివర్సిటీ కమిటీకి రాసిచ్చాం. మనుషులతో చేసే పరిశోధనలకు అనుమతి ఇచ్చేది ఆ కమిటీయే. కార్డు ఎలాగూ పోస్టులో రావాలి కాబట్టి ఉత్తరం కూడా రాస్తున్నాను. ఫోనులో నీతో మాట్లాడినట్టే ఉండదు. నువ్వు రెండు అర్రల ఇంట్లో గొంతు తగ్గించుకుని మాట్లాడతావు, నాకేమో ఊళ్ళల్లోకి పోతే సిగ్నల్ ఉండదు.

ఈ పని ఒప్పుకుని నా నెత్తి మీది బరువు సగం దించావు. మంచాన పడ్డవాళ్ళకు ఇంట్లో సేవ చేసేవాళ్ళ కష్టం ఏమిటో వాళ్ళ నోటితోనే వినాలని మొదలుపెట్టాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాలు. వినడం ఒక ఎత్తయితే, విన్నదంతా టైపు చేయడం ఇంకో ఎత్తు. మొదట పని నేర్చుకోవడానికని వదినతో మాట్లాడాను కదా, పక్షవాతం వచ్చిన మన కన్న అవ్వకు ఆమె చేసిన రోజుల గురించి. అదొక్కటి సొంతంగా టైపు చేసుకునేసరికే మెడ పట్టేసింది. కోర్టు దగ్గర డీటీపీ షాపులో నువ్వు అన్నేళ్ళు ఎలా కూర్చున్నావో అనిపించింది.

మనిషి ఎలా మాట్లాడితే అలాగే కొట్టు. దగ్గినా ఏడ్చినా, ఏమీ అనకుండా ఊరుకున్నా, అది కూడా రాయి. పేర్లు వినబడతాయి, అవి రాయొద్దు. మూడో రికార్డింగులో ఆమెకు సౌందర్య అని పెట్టు, ఆమె భర్తకు వేణు అని. అవి నేను అనుకున్న పేర్లు. ఊరి పేరు వస్తే 'ఊరు' అని రాస్తే చాలు. ఆమె గొంతు కొన్నిచోట్ల బాగా తగ్గిపోతుంది. చెవుల్లో పెట్టుకునే విను. వదినకు వినబడేట్టు మాత్రం పెట్టకు.

ఇక్కడ ఆరేసిన బట్టల మీద కూడా బొగ్గు నలుసులు. రోజూ ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాను, వాళ్ళు చెప్తారు, నేను వింటాను. గదికి వచ్చి అన్నం వండుకునే ఓపిక ఉండదు. చాలాసార్లు అటుకుల మీదే గడిచిపోతున్నది.

మేనకోడలు శ్రేయ పరీక్షలు ఎలా రాసిందో తెలియజెయ్యి.

నీ చెల్లె,
అఖిల


జనగామ,
26 నవంబర్ 2024

చెల్లె అఖిలకు,

నీ కార్డు క్షేమంగా చేరింది. మొదటి రెండూ పూర్తి చేశాను, కాగితాలు ఇందులోనే పెట్టాను. మొదటి ఆయన ప్రతి మాటకూ 'గదే కద మేడం' అంటాడు. విన్నట్టే కొట్టమన్నావు కాబట్టి అన్నీ కొట్టాను. పెళ్ళి కార్డులు ఎవరి ఫోనులో వాళ్ళే చేసుకోవడం మొదలయ్యాక షాపు మూసేశాను కదా, ఇన్నాళ్ళకు మళ్ళీ కీబోర్డు మీద వేళ్ళు పెడితే ప్రాణం లేచి వచ్చినట్టయింది.

మూడోది సగంలో ఆగిపోయింది. యంత్రం ఆగలేదు, నేనే ఆగాను.

సౌందర్య అని నువ్వు పేరు పెట్టినామె ఒకచోట చెప్పింది ఇక్కడ దించుతున్నాను. "పొద్దు గూకినంక మా అత్తకు నీళ్ళు ఇయ్య మేడం. బువ్వ గూడ రెండు బుక్కలే. రాత్రి పక్క తడిస్తే నేనొక్కదాన్నే ఎత్తాలె, బట్టలు మార్చాలె, మల్ల తెల్లారి కూలికి పోవాలె. నా నడుము పనిజేస్తలేదు. ఆమెకు మాట రాదు. దూపైతే నాలుక బయటికి పెడ్తది. నేను గోడ దిక్కు తిరిగి పంట." ఆ తర్వాత ఎక్కడో కోడి అరిచింది. అప్పుడు నువ్వు 'ఊఁ' అన్నావు. అని, 'రాత్రిపూట మీకు సాయం ఎవరైనా ఉంటారా' అని అడిగావు.

అఖిలా, దూపకు నాలుక బయటపెట్టే ముసలామె సంగతి విని 'ఊఁ' అనమనే చదువు ఏం చదువు?

నువ్వు కఠినురాలివని అనడం లేదు. నిన్ను ఎత్తుకు తిరిగినవాణ్ణి, నాకు తెలియదా? కానీ ఆ ఇంట్లోంచి బయటికొచ్చాక ఏం చేశావు? ఆశా కార్యకర్తకు చెప్పావా? వాళ్ళ చుట్టాలకెవరికైనా? రికార్డింగు మీద అక్టోబరు తారీఖు ఉంది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎన్ని సాయంత్రాలు గడిచాయి?

ఎందుకో అవ్వ గుర్తుకొచ్చింది. చివరి రోజుల్లో అవ్వ పెదవులు పగిలిపోయి ఉండేవి. నువ్వు వచ్చినప్పుడల్లా వెన్న రాసేదానివి. చలికి అలా అయ్యాయనుకున్నాను అప్పుడు.

శ్రేయ పరీక్షలు బాగానే రాసింది, లెక్కల్లోనే కాస్త భయపడుతున్నది. మీ వదిన బాగుంది. అటుకుల మీద బతకొద్దని చెప్పమంది.

అన్న,
రాంచందర్


భూపాలపల్లి,
5 డిసెంబర్ 2024

అన్నా,

కాగితాలు చక్కగా ఉన్నాయి. ఉత్తరానికి జవాబు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

ఆ 'ఊఁ' నేనూ చాలాసార్లు విన్నాను. ఆ క్షణంలో నా మొహం కొంచెం మారినా ఆమె నోరు మూతపడిపోయేది. అత్త మంచాన పడ్డప్పటి నుంచి ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. ఆమె చెప్పింది ఎవరికీ చెప్పనని ముందే మాటిచ్చాను, ఆ మాట నమ్మే చెప్పింది.

ఎవరికైనా చెప్పావా అని అడిగావు. పేరు చెప్పకుండా గైడ్ మేడంతో మాట్లాడాను. ప్రాణం మీదికి వస్తుందంటే మాట తప్పవచ్చునని మా నియమాల్లో ఉంది. ప్రాణం మీదికి వచ్చిందో లేదో ఎవరు తేల్చాలి అంటే, నువ్వే అన్నారు. ఆశా కార్యకర్త అదే వాడలో ఉంటుంది, వేణు అక్కకు దగ్గరి బంధువు. ఆమె చెవిన వేస్తే పొద్దు గూకేలోపు ఊరంతా పాకుతుంది. వేణు లారీ మీద పోతాడు, ఎప్పుడో ఒకనాడు తాగి వస్తాడు. అతనికి తెలిస్తే సౌందర్యను కొడతాడు తప్ప, తల్లి పక్కన కూర్చుని నీళ్ళు తాగించడు. నేను చెప్పేస్తే నా మనసు తేలికవుతుంది. ముసలామె గొంతు తడుస్తుందా?

అట్లాగని ఊరికే కూర్చోలేదు. మళ్ళీ ఆ ఇంటికి పోయాను. నీళ్ళు తగ్గిస్తే మూత్రంలో మంట వస్తుందని, వీపు మీద పుండ్లు తొందరగా లేస్తాయని మాటల్లో మాటగా అన్నాను. "నాకు తెల్వదా మేడం" అన్నది. అంతే, ఇంకేం మాట్లాడతాను? పక్క మీద పరిచే రబ్బరు గుడ్డ ఒకటి కొనిచ్చాను. అలా ఇవ్వకూడదు నిజానికి, ఇస్తే మనుషులు మనకు నచ్చే మాటలే చెప్తారంటారు. అయినా ఇచ్చాను. సర్కారు దవాఖాన నర్సును కలిసి, ఆ ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళందరినీ ఒకసారి చూసి రమ్మని అడిగాను, ఎవరి పేరూ ఎత్తకుండా. కొత్త సంవత్సరం వచ్చాక వస్తానన్నది.

ఇది సరిపోతుందని నాకూ అనిపించడం లేదు. పొద్దు వాలుతుంటే ఎక్కడున్నా ఆ ఇల్లే కళ్ళ ముందుకు వస్తున్నది. చేసిందీ తప్పే అనిపిస్తుంది, చేయనిదీ తప్పే అనిపిస్తుంది. ఈ పనికి నేను తగనేమోనని కూడా అనుకున్నాను.

అవ్వ సంగతి దీంట్లోకి తేవద్దు అన్నా, నీకు దండం పెడతాను. మూడోది పూర్తి చేసి పంపు.

అఖిల


జనగామ,
16 డిసెంబర్ 2024

అఖిలకు,

మూడోది ముగించాను. కాగితాలు వేరే కట్టలో వస్తాయి.

అవ్వ సంగతి తేవద్దన్నావు. ఎందుకు వద్దన్నావని ఆలోచిస్తున్నాను. మొదటి ఉత్తరంలో కూడా ఒక మాట రాశావు, వదినకు వినబడేట్టు పెట్టకు అని. సౌందర్య గురించి చెప్తూ రాశావు ఆ మాట. మిగతా ఇద్దరి గురించి రాయలేదు. ఉత్తరం తీసి మళ్ళీ చూశాను.

అవ్వ మంచం పక్కన కిటికీలో స్టీలు సీసా ఉండేది. నేను షాపు కట్టేసి వచ్చేసరికి అది వంటింట్లో ఉండేది. చీమలు పడుతున్నాయని మీ వదిన అరుణ అనేది. నేను అన్నం తిని, అర్ర గడప దగ్గర నిలబడి 'అవ్వా, తిన్నవా' అనేవాణ్ణి. అవ్వ చెయ్యి కదిపేది. తిన్నదనుకుని పోయి పడుకునేవాణ్ణి. ఆమె చెయ్యి కదిపింది తిన్నానని చెప్పడానికేనా? మూడు వారాల నుంచి ఇదే తొలుస్తున్నది.

అరుణను అడగలేను. ఏమని అడగాలి? రెండేళ్ళు మన అవ్వ ఒళ్ళు కడిగిన మనిషిని పిలిచి, నీళ్ళు ఇచ్చావా లేదా అని లెక్క అడగనా? అడిగితే ఇచ్చాననే అంటుంది. అప్పుడు నమ్మాలో లేదో ఎట్లా తెలుస్తుంది?

నీతో అయితే నిజమే చెప్పి ఉంటుంది. ఆ రికార్డింగు నాకు పంపు. అవ్వ నీకెంతో నాకూ అంతే. కొడుక్కు తెలుసుకునే హక్కు లేదంటావా? రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

రాంచందర్


మహబూబాబాద్,
27 డిసెంబర్ 2024

అన్నా,

పంపను.

వదిన మాటలు వదినవి. నువ్వు నాకు అన్నవు కావడం, ఆమె నీకు భార్య కావడం అక్కడ చెల్లవు. నువ్వు అనుకుంటున్నది అందులో ఉందని చెప్పను, లేదని కూడా చెప్పను. లేదని ఈరోజు చెప్తే, రేపు ఇంకొకరి గురించి అడిగినప్పుడు నేను ఊరుకుంటే ఉన్నట్టే కదా. అందుకని ఏదీ చెప్పకూడదు. ఇది చదివి నువ్వేమనుకుంటావో తెలుసు. అలా అనుకోకు. నీ ఫోన్లు ఎత్తనిది కూడా అందుకే, గొంతు విని నువ్వు ఇంకేదో ఊహించుకుంటావని.

వదినకు వినబడొద్దని రాసింది, శ్రేయ చదువుకు పోతే పగలు ఇంట్లో మీరిద్దరే ఉంటారు కాబట్టి. ఇంకెవరున్నా వాళ్ళ పేరే రాసేదాన్ని. దానికి ఇంత అర్థం ఉంటుందనుకోలేదు. తెలుసుకోవాలని ఉంటే ఆమె వంటింట్లోనే ఉంటుంది, పోయి అడుగు. ఇచ్చానంటే నమ్మడం కష్టమనిపిస్తే, ఆ కష్టం నీది. అది తీర్చడానికి నా రికార్డింగులు లేవు.

వారం నుంచి తొర్రూరు దిక్కు తిరుగుతున్నాను. ఒక తండాలో ఒక పెద్దాయన భార్య తల దువ్వుతూనే నాతో మాట్లాడాడు. ఆమెకు నడుము కింద స్పర్శ లేదు. ఆడవాళ్ళ పని చేస్తున్నావని ఎవరూ నవ్వరా అని అడిగాను. "నవ్వెటోళ్ళు రాత్రిపూట వస్తరా బిడ్డా" అన్నాడు. జడ వేయడం కుదరక రెండుసార్లు విప్పి మళ్ళీ వేశాడు. తిరిగి వస్తుంటే బస్సులో నిద్రపోయి నా స్టాపు దాటిపోయాను.

నా మీద కోపం పెట్టుకో, పరవాలేదు. వదిన మీద పెట్టుకోకు.

అఖిల


జనగామ,
8 జనవరి 2025

అఖిలకు,

లేదని ఒక్క మాట రాస్తే సరిపోయేది. రాయలేదు. రాయలేకపోయావని నాకు అర్థమైంది.

అరుణతో మాట్లాడటం మానేశాను. కావాలని మానలేదు, నోరు రావడం లేదు. 'నాయినా, మీరిద్దరు ఎందుకు మాట్లాడ్తలేరు' అని శ్రేయ అడిగింది. గొంతు నొప్పి అని చెప్పాను.

ఇంకొకటి చేశాను, నువ్వు వేరేవాళ్ళ నోట వినకముందే నేనే చెప్తున్నాను. సౌందర్య ఊరికి పోయి వచ్చాను. రికార్డింగులో వెనక బస్సు ఆగిన చప్పుడు, కండక్టరు ఊరి పేరు పిలవడం ఉన్నాయి. నువ్వన్నట్టే 'ఊరు' అని కొట్టాను గాని, చెవి విన్నది కదా. హనుమకొండలో బస్సు మారి, భూపాలపల్లి మీదుగా మహదేవపూర్ దిక్కు పోయాను. నువ్వుండే వీధి మలుపు దగ్గరే బస్సు కాసేపు ఆగింది. దిగాలనిపించలేదు.

మంచాన పడ్డ ముసలామె ఇల్లేది అంటే బోరు దగ్గర ఆడవాళ్ళు చూపించారు. నేను ఏదో భయంకరంగా ఉంటుందనుకుని పోయాను. ముసలామెను వాకిట్లో ఎండకు పడుకోబెట్టారు. తలకు నూనె రాసి దువ్వి ఉంది, చీర శుభ్రంగా ఉంది. కోడలు పక్కన కూర్చుని చెంచాతో జావ తాగిస్తున్నది, చుబుకం మీద కారితే కొంగుతో తుడుస్తున్నది. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు అక్కడే కూర్చుని పెసలు చెరుగుతున్నారు. చూసి వెనక్కి తిరిగి వచ్చేస్తే బాగుండేది.

నేను మంచం దగ్గర వంగి అడిగాను, చెవుడు ఉంటుందేమోనని గట్టిగానే అడిగాను. "అవ్వా, పొద్దు గూకినంక నీళ్ళు ఇస్తున్నదా నీకు?"

చాటల చప్పుడు ఆగింది. సౌందర్య చెంచా గిన్నెలో పెట్టి, మీరెవరని అడిగింది. అఖిల మేడం అన్నను అని చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు.

"మీ చెల్లె నాతోని ఒక్క మాటన్నది. నువ్వు జెప్పేది నా దగ్గర్నే ఉంటదన్నది. మరి మీకెట్ల ఎర్కయింది?"

నేను టైపు చేస్తానని చెప్పాను. "టైపు జేసుడంటే?" అని అడిగింది. నిజంగానే తెలియక అడిగింది. ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ముసలామె నన్నే చూస్తున్నది. తీసుకుపోయిన సంచిలో బత్తాయిలుంటే మంచం కోడు దగ్గర పెట్టి వచ్చేశాను.

నేను తప్పు చేయలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఎవరో ఒకరు అడగాలి కదా. కానీ బస్సులో వస్తున్నంతసేపూ ఆ చాటలు ఆగిపోవడమే చెవిలో ఉంది.

రాంచందర్


భూపాలపల్లి,
22 జనవరి 2025

అన్నా,

నిన్ను తిట్టాలని కూర్చుని, ఓపిక లేక ఊరుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు వచ్చిన సాయంత్రానికే ఊళ్ళో తెలిసిపోయింది. వేణు వచ్చాడు. కొట్టాడు. చుట్టాలు కూర్చుని మాట్లాడి ముసలామెను వేణు అక్క ఇంటికి పంపారు. అక్కడ నాలుగు రోజులు కూడా ఉంచుకోలేకపోయారు. రాత్రులు ఎలా ఉంటాయో ఆ అక్కకు అప్పుడు తెలిసింది. ముసలామెను తనే తెచ్చి దింపి, ఇప్పుడు రోజు విడిచి రోజు రాత్రిపూట వచ్చి పడుకుంటున్నది. నర్సు కూడా వచ్చి చూసింది. ముసలామెకు సాయంత్రాలు నీళ్ళు అందుతున్నాయి.

అది చదివి నీ వల్ల మంచే జరిగిందని నీకు అనిపించవచ్చు. నాకూ ఒక నిమిషం అనిపించింది. తర్వాత సౌందర్యను చూశాను. ఇప్పుడు ఆమె బోరుకు అందరూ పోయిన తర్వాత పోతున్నది. కూలికి పిలిచేవాళ్ళు తగ్గారు. 'అత్తను ఎండబెట్టింది' అని ఆమె కొడుకును బడిలో ఎవరో అన్నారట. నన్ను గడప లోపలికి రానియ్యలేదు. "నా మాటలు నాకియ్యండి" అని మాత్రం అన్నది. నా దగ్గరున్న రికార్డింగు ఆమె కళ్ళ ముందే తుడిచేశాను. కాగితాలు ఆమె చేతికిస్తే పొయ్యిలో పెట్టింది.

తప్పు నీ ఒక్కడిదే అనను. మేము చదివి వినిపించే కాగితంలో 'నేను, నాతో పనిచేసేవాళ్ళు వింటాం' అని ఉంటుంది. గడగడా చదివేశాను. జనగామలో మా అన్న ఉంటాడు, నువ్వు ఏడ్చింది చెవుల్లో పెట్టుకుని వింటాడు అని విడమరిచి చెప్పలేదు. చెప్తే ఒప్పుకోదేమోనని లోపల భయం ఉంది నాకు. నీతో కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టించాను, విన్నది ఎక్కడా వాడనని. అన్నవే కదా అని దాని గురించి నీతో కూర్చుని మాట్లాడలేదు.

అంతా మేడంకు చెప్పాను, కమిటీకి రాశాను. వాళ్ళు తేల్చేదాకా పని ఆపమన్నారు. ఆగిపోయినందుకు బాధపడాలి, నాకేమో పడుకోవాలని మాత్రమే ఉంది.

కార్డు వెనక్కి పంపు. కంప్యూటరులో ఉన్నవన్నీ తీసెయ్యి.

ఇప్పటిదాకా నాతో మాట్లాడిన అందరికీ వాళ్ళ మాటల కాగితాలు పంపుతున్నాను. ఉంచాలా తీసెయ్యాలా అన్నది వాళ్ళ ఇష్టం. వదినవి కూడా ఆమె పేరు మీద వేరే కవరులో పోస్టు చేశాను. అది ఆమె చేతికే అందాలి.

అఖిల


జనగామ,
9 ఫిబ్రవరి 2025

చెల్లె అఖిలకు,

కార్డు ఇందులో ఉంది. కంప్యూటరులోంచి అన్నీ తీసేశాను. సౌందర్య దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాలని బయలుదేరబోయి ఆగాను. నేను మళ్ళీ ఆ వాకిట్లో నిలబడితే వాడంతా మళ్ళీ చూస్తుంది. అందుకని పోలేదు. ఎప్పుడైనా ఆమె నిన్ను పలకరిస్తే, అన్నకు బుద్ధి లేదని నువ్వే చెప్పు.

మీ వదిన పేరు మీది కవరును పోస్టుమాన్ నా చేతికిచ్చాడు. అరుణ రేషన్ షాపుకు పోయింది అప్పుడు. వచ్చాక కూడా వెంటనే ఇవ్వలేదు, మధ్యాహ్నందాకా నా బల్ల మీదే ఉంది. విప్పలేదు. మంచితనం వల్ల కాదు, భయం వల్ల. ఇచ్చిన తర్వాత ఆమె వంటింట్లో నిలబడే చదువుకుంది. ఒకచోట చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నా భయం ఇంకా పెరిగింది.

అప్పుడు అడిగాను. అవ్వకు సాయంత్రాలు నీళ్ళు ఇచ్చేదానివా అని.

ఆమె కోపం చేస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. ఇన్ని రోజుల నుంచి మాట్లాడంది ఇందుకేనా అన్నట్టు చూసింది.

"శాతనైన రోజు ఇచ్చిన. శాతగాని రోజు ఇయ్యలె. ఏ రోజు ఏదో నీకు ఎర్క లేదు, పక్క అర్రల పండినవు."

అంతే అన్నది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.  ఆ పగిలిన పెదవులకు ఆమెను ఒక్కదాన్నే ఎట్లా నిలదీయను? ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు కదా రోజూ.

అఖిలకు చెప్పింది ఇదేనా అని అడిగాను.

"గది చెప్పనే లేదు. నా సంగతి జెప్పిన."

ఏం సంగతి అన్నాను. నీకు చెప్పేదైతే అప్పుడే నీకు చెప్తుంటి కదా అన్నది. ఆ మాట కూడా కోపంగా అనలేదు. రెండు నెలలు నేను లోపల్లోపల తగువు పడింది ఆ కాగితాల్లో లేనేలేని దానితో. ఉన్నదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె కాగితాలు మడిచి తన బట్టల బీరువాలో పెట్టుకుంది. తాళం వేయలేదు. నేను ఆ దిక్కు పోవడం లేదు.

ఆమె మాటలు ఉంచమంటున్నది. పేరు మార్చమన్నది, అంతే. కమిటీవాళ్ళు ఏమంటారో తెలియదు గాని, ఒప్పుకుంటే ఆమె వైపునుంచి అభ్యంతరం లేదని రాయమంది.

మేము మాట్లాడుకుంటున్నాం. ఎక్కువ కాదు. బియ్యం అయిపోయాయని, గ్యాసు బుక్ చేయమని. శ్రేయకు అదే సంతోషంగా ఉంది.

నిన్న గిన్నెలు సర్దుతూ అరుణ నీ గురించి అడిగింది. పని ఆగిపోయింది కదా, ఒక్కతే ఆ గదిలో ఏం చేస్తున్నదని. తర్వాత, "నాకు ఇంక జర చెప్పేది ఉన్నది. రమ్మని రాయి. మిషిన్ లేకుంట రమ్మను" అన్నది.

నేను కూడా కూర్చోవచ్చా అని అడిగాను. ఆమె పొయ్యి తుడిచింది. గుడ్డ పిండి ఆరేసి వచ్చాక చెప్పింది.

"కూసో. నడుమ మాట్లాడొద్దు."

వీలు చూసుకుని రా.

అన్న,
రాంచందర్